మా అమ్మ పలకని పేరు

మా అమ్మ నన్ను నా పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. పురిట్లో పిలవలేదు, పెరిగాక పిలవలేదు, జ్వరం వచ్చి కలవరించినప్పుడు కూడా పొరబాటున పిలవలేదు. ఇది నాకు జరిగిన అన్యాయం. ఎనభై దాటిన ముసలివాడు కన్నతల్లి మీద ఫిర్యాదు రాసుకోవడం ఏమిటని చదివేవాళ్ళు నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నది నేను, మీరు కాదు.

పోయిన నెల మార్కాపురంలో కంటి ఆసుపత్రికి పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా వెనక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి పోయి కంట్లో చుక్కల మందు వేయించుకుని బయటికి వస్తున్నారు. నేను మాత్రం కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను. మధ్యాహ్నమైంది. ఇక ఓపిక పట్టలేక లేచి, ఇదేం పద్ధతమ్మా, అందరికన్నా ముందొచ్చినవాణ్ణి నేను, అని నర్సమ్మ మీద కేకలేశాను. ఆ పిల్ల ఏమీ తొణకలేదు. "కొండారెడ్డి, కొండారెడ్డి అని పొద్దుటి నుంచి అరుస్తానే ఉండా తాతా. నీ పేరు నీకే తెలీదా?" అంది. బెంచీల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ పేరు నాకు వినబడలేదని అబద్ధం చెప్పను. శుభ్రంగా వినబడింది. వినబడినప్పుడల్లా, మా తాత ఎక్కడున్నాడా అని తల తిప్పి చూశాను.

ఇంటిపేరు పక్కన పెడితే నా పూర్తి పేరు కొండ ఓబులరెడ్డి. అందులో కొండ మా తాతది, మా నాయనకు నాయన కొండారెడ్డిది. తాత బతికి ఉండగానే, నేను పుట్టిన పదకొండో దినాన, తన పేరు నాకు పెట్టించుకున్నాడు. నడుమ ఓబుల అనేది మా అమ్మ పుట్టింటివాళ్ళ అహోబిలం మొక్కు. మొక్కు తీరాలి కాబట్టి ఇరికించారు. మొదటిది అసలు పేరు, నడుమది దేవుడి బాకీ. ఆ నడుమదే వచ్చి నా నెత్తిన కూర్చుంది. ఎందుకంటే మామ పేరు కోడలు నోట పలకకూడదు. మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదు. తండ్రి పేరును కొడుకు ఊరికే నోట పెట్టకూడదు. పనివాళ్ళకు ఆయన రెడ్డి, అంతే. మా అవ్వకు మొగుడు, మా అమ్మకు మామ, మా నాయనకు తండ్రి. ఇంత పెద్ద ఇంట్లో నా పేరు పలకగలిగిన మనిషి మా తాత ఒక్కడే మిగిలాడు. ఆయనేమో తన పేరు పెట్టి తానే ఇంకొకణ్ణి పిలవడానికి మొహమాటపడి, నన్ను "ఒరే పేరుగలోడా" అనేవాడు. అంత మర్యాదగల ఇంట్లో పుట్టి నేను ఓబులునయ్యాను. మా అమ్మకు కోపమొస్తే ఓబిగాణ్ణి.

ఓబులు అంటే పలికేవాళ్ళు మా ఊళ్ళో నలుగురుండేవాళ్ళు. నత్తి ఓబులు, పొడుగు ఓబులు, మేకల ఓబులు, నేను. మాతోబాటు మా కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు కూడా ఓబులే. దాన్ని అహోబిలం దారిలో కొనుక్కొచ్చారని దానికీ అదే పేరు పెట్టారు. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి "ఓబులూ" అని పిలిస్తే నేనూ లేచేవాణ్ణి, కొట్టంలో అదీ తలెత్తేది. చాలాసార్లు ఆమె చేతిలో ఉండేది కుడితి బిందె. అన్నానికి నన్ను, కుడితికి దాన్ని పిలిచే గొంతులో తేడా ఉంటుందని నాయన చెప్పేవాడు గాని, ఆ తేడా ఎద్దుకు తెలిసినంత బాగా నాకు ఎప్పుడూ తెలియలేదు.

మా పొలాల్లో కూలికి వచ్చే మార్తమ్మ ఈ తమాషా చూసి పడీపడీ నవ్వేది. ఆమెకు నా ఈడు కొడుకు దానియేలు ఉండేవాడు. పొద్దు వాలితే చేను గట్టు మీద నిలబడి "దానియేలూ" అని ఆమె పిలిచే పిలుపు పక్కూరి పొలిమేరకు వినబడేది. నేను కొడవలి పక్కన పెట్టి ఆ పిలుపు వింటూ కూర్చునేవాణ్ణి. "ఏం చిన్నరెడ్డీ, మీకు పెట్టుకునేదానికే పేరుందిగానీ పిలుచుకునేదానికి లేదంట గదా? మావోడు గుడిలో దానియేలే, గుడిసెలోనూ దానియేలే" అనేది. ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఆ మాట ములుకులా దిగింది. ఆ రోజు నుంచే నాకీ పంతం పట్టుకుంది. మా అమ్మ నోట నా పేరు ఒక్కసారి వినాలి. ఒక్కసారే. పలికి ఊరుకుంటాను.

అది అంత సులువు కాదు. మా ఆడవాళ్ళకు అడ్డం పేరుతో ఆగేది కాదు, ఆ మాట మొత్తానికీ అడ్డమే. మాది తర్లుపాడు పక్క పల్లె. పొద్దున లేస్తే పడమట కనిపించేవి కొండలు. ఆ రోజుల్లో మాకు జిల్లా కర్నూలు, దాని మీద మద్రాసు, దాని మీద దొరలు. వాళ్ళందరికన్నా ముందు ఈ కొండలు. ఎటు తిరిగినా కొండ అనకుండా మాట్లాడటం కుదరని చోట మా అమ్మ కాపురానికి వచ్చింది. అయినా ఏనాడూ తడబడలేదు. "ఆ ఎత్తు మీద మబ్బేసింది, పిడకలు లోపల పెట్టండి" అనేది. ఒకసారి గడ్డివామిలో కొండచిలువ దూరింది. అమ్మ చూసి ఇంటి ముందుకు పరుగెత్తుకొచ్చింది. "వామిలో మామ... వామిలో మామగారి పేరు... చిలువ" అంటుంది, వణుకుతుంది, ముసుగు లాక్కుంటుంది. అవ్వ బయటికొచ్చి, "యాడ? ఆయన చిలువనా?" అంది. ఇద్దరూ కలిసి ఒక్క పాము పేరు పూర్తి చేయలేకపోయారు. మంచం మీది తాత, "ఏందమ్మా, నన్నేనా?" అని చేతికర్ర తీసుకుని లేచాడు. వీళ్ళ మర్యాదలు తేలేలోపు అది మా మేకపిల్లను మింగి, దొడ్డి గోడ కింద పడుకుని అరిగించుకుంటోంది.

తాత సంగతి కూడా చెప్పాలి. తన పేరంటే ఆయనకు ప్రాణం. కాని ఆ పేరు ఇంట్లో వినబడదు, ఊళ్ళో వినబడదు. అందుకని ఆయన కోర్టుకు పోయేవాడు. మార్కాపురం కోర్టు వరండాలో బంట్రోతు నిలబడి, సాక్షి పేరును ముమ్మారు ఎలుగెత్తి పిలుస్తాడు కదా, దాని కోసం. గట్టు తగాదా ఎవరిదైనా సరే, తాత సాక్ష్యానికి సిద్ధం. తెల్లపంచె కట్టి, తలగుడ్డ చుట్టి, బండి కట్టించుకుని పోయేవాడు. మొదటి పిలుపుకు పలికేవాడు కాదు. రెండో పిలుపుకూ పలికేవాడు కాదు. మూడోది కూడా కడదాకా విని, అప్పుడు నిదానంగా లేచేవాడని నాయన చెప్పేవాడు. సాక్ష్యం ఏం చెప్పాడో ఇంటికొచ్చి ఎవరికీ చెప్పేవాడు కాదు. "బంట్రోతు కొత్తోడు, గొంతు బాగుండాది" అని మాత్రం చెప్పేవాడు.

కోర్టు లేని రోజున ఆయనకు రెండే పనులు. వసారా కొసన నులక మంచం మీద చుట్ట కాల్చడం, సంగటికి వంకలు పెట్టడం. ఆ చుట్ట కంపు, వంటింట్లో మాడు వాసన, తడిసిన పేడ వాసన కలిసి మా ఇంటికొక వాసన ఉండేది. ఇప్పుడు ఎక్కడైనా చుట్ట పొగ తగిలితే నాకు ఆకలేస్తుంది. సంగటి కెలకడం మా అమ్మ వంతు. నూక ఉడికాక జొన్నపిండి పోసి, కుండను దించి, రెండు పాదాల నడుమ బిగబట్టి, తెడ్డు రెండు చేతులా పట్టుకుని కెలికేది. నుదుటి చెమట కుండలో పడకుండా భుజానికేసి తుడుచుకునేది. ఉండ కట్టకూడదు, జారకూడదు, ఆరకూడదు. తాత ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి గోగాకు పులుసు పోసుకునే ముందు ముద్దంతా వేళ్ళతో తడిమి చూసేవాడు. ఎక్కడో బఠాణీ గింజంత పిండి ఉండ తగిలితే దాన్ని తీసి పళ్ళెం అంచున పెట్టి, "అమ్మాయీ, ఇదేంది?" అనేవాడు. అమ్మ పళ్ళెం తీసుకుపోయి మళ్ళీ కెలికేది. పొద్దునొకసారి, మాపునొకసారి. ఆమె అరచేతులు మడక పట్టి దున్నే మా నాయన చేతులకన్నా గట్టిగా ఉండేవి.

నాకు చదువు చెప్పించాలని తాతే కనిగిరి వైపు నుంచి ఒక అయ్యవారిని పిలిపించి మా వసారాలోనే బడి పెట్టించాడు. అయ్యవారికి బస మా గాదె పక్క గదిలో, భోజనం మా వంటింట్లో. మొదటి రోజు ఇసుక పరిపించి, మా ఊరి పిల్లల్నందరినీ కూర్చోబెట్టి, ఆయన గొంతు సవరించుకుని, "ఒరే కొండారెడ్డీ, ఇట్లా రారా" అన్నాడు. మంచం మీద తాత చుట్ట తీసి పక్కన పెట్టాడు. "రావాల్నా అయ్యవారూ?" అంటూ పైగుడ్డ సర్దుకుని నిజంగానే వచ్చి నిలబడ్డాడు. పిల్లలు నవ్వలేక ఇసుకలో మొహాలు పెట్టుకున్నారు. అయ్యవారి చేతిలో బెత్తం వీపు వెనక్కి పోయింది.

ఆ సాయంత్రం ఆయన చేతులు కట్టుకుని తాత దగ్గరికి వచ్చాడు. "రెడ్డిగారూ, పిల్లవాణ్ణి నేనూ ఓబులు అనే పిలుచుకుంటాను. సెలవిప్పించండి" అన్నాడు.

"ఎందుకయ్యా?" అన్నాడు తాత. "ఆడోళ్ళు పలకరు, వాళ్ళకు అడ్డముంది. కొడుకు పలకడు, వాడికీ అడ్డముంది. నీకేమొచ్చింది? నువ్వు నాకు కోడలివా? కొండారెడ్డి అనే పిలువు. గట్టిగా పిలువు, నాకు ఇనపడాల."

పాపం, అయ్యవారు మధ్యే మార్గం ఒకటి కనిపెట్టాడు. మర్నాటి నుంచి మేకల ఓబులుకు వీపు చిట్లేది, నత్తి ఓబులు దూలానికి కట్టిన తాడు పట్టుకుని కోదండం వేలాడేవాడు, నా వంతు వచ్చేసరికి మాత్రం అయ్యవారు మంచం వైపు ఒక చూపు చూసి, "కొండారెడ్డిగారూ, తమరు మూడో ఎక్కం సెలవిస్తారా?" అనేవాడు. నేను రాదనేవాణ్ణి. "సరే కానివ్వండి, తొందరేముంది" అనేవాడు. మంచం మీద తాత కళ్ళు మూసుకుని ఆ మాటలు వింటూ, "అయ్యవారు మర్యాదస్తుడు" అని సంతోషపడేవాడు. ఏడేళ్ళవాడికి అంతకన్నా సుఖం ఏముంటుంది? సుఖంగానే ఉన్నాను. నన్ను బాధపెట్టింది ఒక్కటే. అయ్యవారు నా పేరు పలికినప్పుడల్లా, వంటింట్లో ఏ పనిలో ఉన్నా, మా అమ్మ పైట కొంగు నెత్తిమీదికి లాక్కునేది. తలుపు సందులోంచి నాకు కనిపించేది. నన్ను కన్న తల్లి, నా పేరు వినబడితే ముసుగేసుకునేది.

అట్లా రెండేళ్ళు గారు అనిపించుకున్నాక మార్కాపురం బోర్డు స్కూల్లో చేర్పించడానికి నాయన నన్ను బండిలో తీసుకుపోయాడు. హెడ్మాస్టరు కొండారెడ్డి అని రాసుకుని, నన్ను పరీక్ష చేయడానికి ఒక పుస్తకం నా ముందు పెట్టి, "ఒరే కొండారెడ్డీ, లేచి చదవరా" అన్నాడు. ఆ పేరుకు ముందు ఒరే, వెనక రా తగిలించిన మనిషిని చూడటం, అయ్యవారు బడి పెట్టిన నాటి తర్వాత నాకు అదే మొదటిసారి. ఇప్పుడు తాత వచ్చి ఈయన్ను ఏం చేస్తాడో అని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన మళ్ళీ పిలిచాడు. నేను ఇంకాస్త ఆశగా గుమ్మం వైపు చూశాను. మూడోసారి బల్ల మీద బెత్తం కొట్టి పిలిచి, ఆఖరికి నాయనతో, "పిల్లవాడికి చెవులు వినబడవు. ముందు వైద్యం చేయించి తీసుకురండి" అని చెప్పి పంపించేశాడు.

బండిలో సగం దూరం వచ్చాక నాయన అడిగాడు. "అంత పెద్దాయన పిలుస్తుంటే పలకలేదేందిరా ఓబులూ?"

"నన్నెప్పుడు పిలిచినాడు నాయనా?" అన్నాను.

నాయన ఎద్దుల్ని అదిలించాడు. మళ్ళీ ఆ ఊరి బడికి నన్ను తీసుకుపోలేదు. చేల పనులొచ్చాయి, అయ్యవారు వేరే ఊరికి పోయాడు, నా చదువు అంతటితో సరి. ఆనాడు చెవులు వినబడవని బడి పోయింది, మొన్న అదే పేరు మీద కంటి మందు పోయేది. మేకల ఓబులు అన్నన్ని దెబ్బలు తిని చక్కగా చదువుకున్నాడు, తర్వాత తాలూకా కచ్చేరిలో గుమాస్తా కూడా అయ్యాడు. మా వైపు పలకల గనుల దగ్గర విరిగిన రాతి చెక్కలు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని ఏరుకొచ్చి, మేకల వెంట తిరిగే ఓబులును బతిమాలి, వాడు తిన్న దెబ్బల చదువును నేను ఒట్టి చేతులతో నేర్చుకున్నాను. ఈ నాలుగు మాటలు రాయడం వచ్చిందంటే ఆ చెక్కల పుణ్యం. ఏ బడీ నాకు ఒక్క అక్షరం పెట్టలేదు.

మొట్టమొదట రాయడం నేర్చింది నా పేరే. పలక చెక్క మీద కొండ అని రాసి వంటింట్లోకి పట్టుకుపోయాను. అమ్మ గోగాకు వలుస్తోంది.

"ఏం రాసినావురా ఓబులూ?"

"నా పేరు."

"బాగుండాది. గుండ్రంగా వచ్చింది."

"ఏం పేరో నువ్వు చెప్పు."

"నాకు చదువొచ్చునా నాయనా?" అంది.

పోనీ అని గవాక్షంలోంచి పడమటి వైపు చూపించాను. "అదేంది మా?"

"ఎత్తు."

"దాన్నేమంటారు?"

"నీకు తెలిసిందే గదా, నన్నడుగుతావేంది. పో, ఎద్దుకు గడ్డేసిరా" అంది. నేను పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె తడిచేతులు తుడుచుకుని, ముసుగు సర్దుకుని, ఆ పలక చెక్కను కాలికింద పడకుండా దీపం గూట్లో నిలబెడుతోంది. చదువు రాదంది. ఏం రాసి ఉందో తెలియకుండానే అంత మర్యాదా?

తాత మంచాన పడ్డాక కోర్టుకు పోవడం ఆగిపోయింది. పేరు వినక ఆయన చిక్కిపోయాడనే నేనంటాను. నాయన మాత్రం దగ్గు అనేవాడు. ఒక మాపటేళ అమ్మ సంగటి పళ్ళెం తెచ్చి మంచం పక్కన పెట్టింది. నేను ఆయన కాళ్ళు పిసుకుతున్నాను. ఆయన ముద్దను తడమలేదు.

"అమ్మాయీ, నా పేరు ఇని శానాళ్ళయింది. ఈ పిలగాణ్ణి పిలిచినట్టు ఒకతూరి పిలువు. నేను అటు మళ్ళుకొని పండుకుంటా. పలకను, ఒట్టు" అన్నాడు.

నేను కాళ్ళు పిసకడం ఆపేశాను. ఆయనకు కావలసిందీ నాకు కావలసిందీ ఒక్క మాటలోనే ఉంది. అమ్మ ముసుగు ఇంకా ముందుకు లాక్కుంది. పళ్ళెం ఆయన చేతికి దగ్గరగా జరిపింది.

"సంగటి ఆరిపోతుంది మామా, తినండి" అంది.

ఆయన నవ్వాడు. తిన్నాడు. ఉండ ఒకటి తగిలితే, దాన్ని కూడా మాట్లాడకుండా మింగేశాడు. ఆ ఏడాది కొర్రల పంట ఇంటికి రాకముందే పోయాడు.

ఇప్పుడు నా కోడలు నా పేరును రోజుకు పదిసార్లు పలుకుతుంది. గ్యాసువాడితో ఫోన్లో, "కొండారెడ్డి అండీ, కొం-డా-రె-డ్డి, మా మామగారు" అని వీధికంతా వినబడేలా చెబుతుంది. తప్పని అనను. తన మొగుణ్ణి కూడా పేరు పెట్టే పిలుస్తుంది, వాడూ హాయిగానే పలుకుతాడు. మా తాత ఉంటే వంటింటి గుమ్మంలోనే మంచం వేసుకునేవాడు. మొన్నీమధ్య నా మునిమనవడికి పేరు పెట్టారు. ఏ పుస్తకాలు వెతికారో, నోరు తిరగని పేరు. నేను పట్టుబట్టి ఇంట్లో తిరుగుతూ ఆ పేరు సాధన చేసి నేర్చుకున్నాను. తీరా పిలిస్తే వాడు పలకడు. అందరూ వాణ్ణి చింటూ అంటారట. ఏ మామకూ భయపడకుండా, ఎవరి అడ్డమూ లేకుండా, చేతులారా పెట్టుకున్న పేరును ఎందుకమ్మా దాచుకుంటారు అని అడిగితే, "అది స్కూలుకు తాతా" అన్నారు. మా ఇంట్లో నా పేరు పలకకపోవడానికి ఒక కారణమన్నా ఉండేది.

తాత సంవత్సరీకం నాడు బంధువులంతా తిని, బండ్లు కట్టుకుని పోయారు. పొద్దు గుంకుతోంది. అంతదాకా వసారాలో ఏనాడూ కూర్చుని ఎరగని మా అమ్మ, ఆ రోజు బయటికొచ్చి, స్తంభానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నెత్తిమీద ముసుగు లేదు. ఆమె జుట్టు అంత నెరిసిందని నాకు అప్పుడే తెలిసింది. ఒళ్ళో చేతులు వెల్లకిలా పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. నాకు అప్పటికి మీసాలొచ్చాయి. అయినా పోయి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు. ఒక్కసారి నా పేరుతో నన్ను పిలువు" అన్నాను.

ఆమె నావైపు చూసింది. వసారా కొసన ఒట్టి నులక మంచం వైపు చూసింది. పడమట ఎర్రబడిన కొండల వైపు చూసింది. పెదవులు కదిలాయి. నేను పలకడానికి సర్దుకుని కూర్చున్నాను. ఆమె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది గాని, నేను మళ్ళీ ఆ మాట అడగలేదు. ఎందుకంటే ఆ సాయంత్రం మా అమ్మ ఇచ్చిన జవాబు ఇది:

"పిలిచేదానికేంది నాయనా, పిలుస్తా. పిలిస్తే ఆయన యాడున్నా 'ఏందమ్మాయీ' అని లేచొస్తాడు. వచ్చినాక సంగటి ఎవరు కెలకాల, నువ్వా?"